బతుకమ్మ ముందు వాకిట్లో ఆయిల్: ఒక ఫిల్టర్ కేసు

దేవరకొండ రోడ్డులో నాది చిన్న షెడ్డు. ఇరవై రెండేళ్లుగా నల్లగొండలో కార్ల పనే చేస్తున్నాను. సిలిండర్లు అరిగి బోర్‌కు వచ్చిన ఇంజన్లు, నీళ్లలో మునిగిన బండ్లు చాలానే చూశాను. ఈ కేసులో ఇంజన్‌కు ఏమీ కాలేదు. ఖరాబైంది వాకిలి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో ఆయిల్ మార్చుకోవాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది "అన్నా, కింద పడకుండా ఎట్ల?" అనే. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానమంతా ఈ ఒక్క ఇంట్లోనే దొరికింది.

బండి మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మూడు సిలిండర్లది. అప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. మాన్యువల్ ప్రకారం ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్ల ఆయిల్ పడుతుంది, ఏడాదికోసారి లేదా పది వేల కిలోమీటర్లకోసారి మార్చాలి. ఓనరు హైస్కూల్ సారు, లెక్కలు చెప్తారు. వీడియోలు చూసి, సామాన్లన్నీ తెచ్చుకుని, దసరా సెలవుల్లో తానే మార్చుకుందామని కూర్చున్నారు. అందులో తప్పు లేదు. నా గిరాకీ పోతుందన్న బాధ కూడా నాకు లేదు. సొంత బండి కిందికి ఒక్కసారైనా తొంగిచూసిన మనిషి ఆ తర్వాత బండిని బాగా చూసుకుంటాడు.

పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది.

"అన్నా, బండి కింద ఆయిల్ కారుతుంది."

"ఎంత కారుతుంది సార్?"

"కారుడు కాదన్నా, పోసినట్టే పోయింది."

"మళ్ల స్టార్ట్ చెయ్యకుండ్రి. చాబీ తీసి పక్కకు పెట్టుండ్రి. వస్తున్న."

ఆ సమయంలో ఓనర్ చేయగలిగిన మంచి పని అదొక్కటే. ఆయిల్ పోయిన ఇంజన్‌ను "ఒకసారి చూద్దాం" అని మళ్లీ స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి.

వెళ్లి చూస్తే

పానగల్లు వైపు పాత ఇల్లు. గేటు దాటగానే వెడల్పాటి వాకిలి, తాండూరు బండలు పరిచి ఉన్నాయి. ఒక మూలన సారు వాళ్లమ్మ గునుగు పూల కట్టలకు రంగులద్ది ఎండబెట్టింది. సద్దుల బతుకమ్మ ఇంకా రెండు రోజులే. వాడలోని ఆడవాళ్లంతా ఏటా ఈ వాకిట్లోనే ఆడతారట. ఆ వాకిట్లో ఇప్పుడు ముప్పావు భాగం నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. ఆ జిడ్డు పాయ ఒకటి గునుగు కట్టలకు జానెడు దూరం దాకా వచ్చి ఆగింది.

"గిదేంది బిడ్డా, పండుగపూట వాకిలంత గిట్ల చేసిండు మావోడు" అంది పెద్దమ్మ. సారు ఏమీ అనలేదు. చేతిలో చీపురు ఉంది, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. పోయింది మహా అయితే లీటరుంపావు. కానీ ఆయన కంగారులో దాని మీద రెండు బకెట్ల నీళ్లు, గుప్పెడు సర్ఫ్ చల్లి ఊడ్చేశారు. బండి కింద గుండ్రంగా ఉండాల్సిన మరక వాకిలంతా పాకింది. బండల మధ్య సందుల్లోకి కూడా దిగింది.

నేను మొదట చూసింది ఆయిల్‌ను కాదు, జాకీని. స్టెప్నీ మార్చడానికి బండితో ఇచ్చే జాకీతో ముందు భాగం లేపి, పక్కన రెండు ఇటుకలు పేర్చి ఉన్నాయి. అంటే సారు ఇంతసేపూ ఈ జాకీ కిందే పడుకుని పని చేశారన్నమాట. ఆ జాకీ టైరు విప్పడానికి, మనిషి కింద దూరడానికి కాదు. ఇటుక బరువు మోస్తూ మోస్తూ హఠాత్తుగా పగులుతుంది, ముందుగా ఏ సూచనా ఇవ్వదు. ఆయిల్ కింద పడితే కడుక్కోవచ్చు. ఇది వేరు. ముందు బండిని దింపించి, ఆ తర్వాతే మిగతా మాట మాట్లాడాను. కొంచెం గట్టిగానే మాట్లాడాను.

పాత ఆయిల్ తీయడంలో ఆయన పెద్దగా తప్పేమీ చేయలేదు. బట్టలు నానబెట్టే టబ్బులోకి తీశారు. ఇంజన్ అడుగున ఆయిల్ వదలడానికి ఉండే డ్రైన్ నట్టు చేతి నుంచి జారి అందులోనే పడింది, మోచేతి దాకా ముంచి తీశారు. చొక్కా పోయింది, టబ్బు పోయింది. నేలంతా మాత్రం బాగానే ఉందట అప్పటిదాకా. నట్టు బిగించి, ఫిల్టర్ మార్చి, 3.5 లీటర్ల డబ్బాలో నుంచి 3.1 కొలిచి పోసి స్టార్ట్ చేశారు. పదిహేను, ఇరవై సెకన్లలో ఇంటర్ చదివే వాళ్ల పాప "నాన్నా, కింద..." అని అరిచింది. ఆఫ్ చేసేసరికి ఇదీ సంగతి.

రెండు రింగులు

స్టార్ట్ చేశాకే పోయిందంటే నా అనుమానం ఫిల్టర్ మీదికే పోయింది. నట్టు దగ్గర లీకైతే ఆయిల్ పోస్తున్నప్పుడే కారడం మొదలవుతుంది. ఇంజన్ తిరిగాకే తన్నుకొచ్చిందంటే ప్రెషర్ ఉన్న చోట తప్పు జరిగింది. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్ల దాకా పోతుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుందనుకుంటే, ఇది ఎంత బలంగా తోస్తుందో అర్థమవుతుంది.

బండిని సరిగ్గా స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరాను. కొత్త ఫిల్టర్ బిగుతుగానే ఉంది, చేత్తో కదలడం లేదు. కానీ ఒక పక్క రబ్బరు పెదవిలా బయటికి పొడుచుకొచ్చింది. విప్పాను. ఇంజన్‌కూ ఫిల్టర్‌కూ మధ్య ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. కొత్త ఫిల్టర్‌కు ఉండాల్సిన రింగు ఫిల్టర్‌కే ఉంది. ఫిల్టర్ కూర్చునే చోట ఇంజన్ మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాను. నున్నగానే తగిలింది, ఇనుమేమో అనుకున్నాను. గోరుతో గీరితే మెత్తగా లేచింది. పాత ఫిల్టర్ రింగు అక్కడే అంటుకుపోయి ఉంది. ఏడాది పాటు వేడికి ఉడికి, చదునై, గట్టిపడి, ఇంజన్ రంగులోనే కలిసిపోయింది. సారు దాని మీదే కొత్త ఫిల్టర్‌ను కొత్త రింగుతో బిగించారు. రబ్బరు మీద రబ్బరు నిలవదు. ప్రెషర్ రాగానే ఒకటి పక్కకు జారింది, ఆ సందులోంచి ఆయిల్ పిచికారీలా కొట్టింది.

పోయినసారి ఎవరు బిగించారో నాకు తెలియదు, అడగలేదు కూడా. ఆ రింగుకు ఆయిల్ రాయకుండా పొడిగా పెట్టి, పానాతో బలంగా బిగిస్తే ఇట్లాగే అంటుకుంటుంది. ఏడాది కింద ఎవరో చేసిన పనికి ఈ వాకిలి బలైంది. విప్పిన పాత ఫిల్టర్‌ను ఒక్కసారి తిరగేసి "దీని రింగు దీనికి ఉందా" అని చూసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. రెండు సెకన్ల పని. వీడియోల్లో ఇది చెప్పరని కాదు, చెప్తారు. చూసేవాళ్ల కళ్లు మాత్రం ఆయిల్ ధార మీదే ఉంటాయి.

రింగు ఊడబీకి, ఆ చోటంతా గుడ్డతో తుడిచి, అదే కొత్త ఫిల్టర్‌ను మళ్లీ బిగించాను. దాని రింగు దెబ్బతినలేదు కాబట్టి సరిపోయింది. చీలి ఉంటే ఇంకోటి తెప్పించేవాణ్ని. ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీని, అదే గేజ్, తీసి చూస్తే కింది గీతకు కూడా తగలడం లేదు. సారు డబ్బాలో మిగిలిన 400 మిల్లీలీటర్లు, నేను తెచ్చిన లీటరులోంచి 800 పోస్తే సరిపోయింది. నేల మీద పోయింది ఎంతో అట్లా తేలింది. స్టార్ట్ చేశాం, ఆయిల్ లైటు వెంటనే ఆరింది, చప్పుడు మామూలే. ఆయిల్ పూర్తిగా పోకముందే ఆపారు కాబట్టి ఇంజన్ బతికింది. ఆ పుణ్యం పాపది.

బండి కింద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది కదా, దాని మడతల్లో గ్లాసెడు ఆయిల్ నిలిచి ఉంది. అది తుడవకపోతే రెండు మూడు రోజులు చుక్కలు పడుతూనే ఉంటాయి. ఇంకా లీకవుతోందని జనం హైరానా పడతారు. సైలెన్సర్ పైపు మీద పడిందాన్ని కూడా తుడవాలి. అది వేడెక్కితే పొగలు, వాసన. ఎక్కువ పడితే అంటుకునే ప్రమాదమూ ఉంది.

బండ మీద మరక

ఇంజన్ పని గంటలో అయిపోయింది. వాకిలికి రెండు రోజులు పట్టింది. నా వృత్తిలో దీనికి మందు ఉండదు. కానీ ఆ పెద్దమ్మ ముఖం చూసి వదిలి రాలేకపోయాను.

తాండూరు బండ, షాబాద్ బండ రెండూ సున్నపురాయి జాతి. నీళ్లకన్నా ఆయిల్‌ను ఇష్టంగా తాగుతాయి అని మేం అంటుంటాం. తొందరగా తీయకపోతే ఆయిల్ లోపలికి దిగి, నల్లటి నీడలా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సారు బావమరిది బాత్రూం యాసిడ్ సీసాతో వచ్చాడు. "గిది కొడితె ఏ మరకైన పోతది" అని గేటు దగ్గర ఒక బండ మీద పోశాడు కూడా. బుసబుసమని నురగ వచ్చింది. ఆయనకు అది మరక కరుగుతున్నట్టు కనిపించింది. కరిగేది బండ. సున్నపురాయికి యాసిడ్ తగిలితే జరిగేది అదే. కడిగి చూస్తే మరక మరకలాగే ఉంది, దాని చుట్టూ బండ పాలిపోయి గరుకుగా తయారైంది. ఇప్పటికీ ఆ ఒక్క బండ ఆ ఇంట్లో గుర్తుగా ఉంది.

మొదట ఊక ప్రయత్నించాం. మిల్లులున్న జిల్లా కదా, బస్తా ఊక అడిగితే ఎవరైనా ఇస్తారు. పెద్దగా పనిచేయలేదు. ఊక పైన గీతలుగీతలుగా గట్టిగా, నునుపుగా ఉంటుంది. పైపై ఆయిల్‌ను అంటించుకుంటుందే తప్ప పీల్చదు. సామిల్లు నుంచి రంపపు పొట్టు తెప్పించాం. అది పీల్చింది. పొడిగా చల్లి, చెప్పు కాళ్లతో బాగా తొక్కి, గంటసేపు వదిలి ఊడ్చాం. రెండోసారి, మూడోసారి. మూడోసారి పొట్టు దాదాపు తెల్లగానే వచ్చింది. అప్పుడు గానీ సర్ఫ్ నీళ్లు ముట్టనివ్వలేదు. ముందు పొడి, తర్వాతే తడి. సారు చేసింది తలకిందులు.

బండి కింద పడిన అసలు మరకకు ఇది చాలలేదు. పెద్దమ్మను ముగ్గుపిండి అడిగాను. బియ్యప్పిండి కాదు, బజార్లో అమ్మే రాతి ముగ్గు. రంగుల దుకాణంలో దొరికే టర్పెంటైన్ పోసి ఇడ్లీ పిండిలా కలిపి, మరక మీద అరంగుళం మందంగా మెత్తాం. పైన పాలిథిన్ కప్పి, అంచులకు టేపు వేశాం. టర్పెంటైన్ లోపలికి దిగి ఆయిల్‌ను కరిగిస్తుంది. పాలిథిన్ తీసేశాక ముగ్గు ఆరుతూ ఆ ఆయిల్‌ను పైకి లాక్కుంటుంది. ఆ ఇరవై నాలుగు గంటలూ అక్కడ బీడీలు, అగర్‌బత్తీలు వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం గీరి తీస్తే తెల్లటి ముగ్గు పెసర రంగుకు మారింది. బండ మీద నీడ మిగిలింది, జిడ్డు లేదు. చేత్తో రుద్దితే అంటలేదు. సాయంత్రం పెద్దమ్మ దాని మీదే పేడతో అలికి ముగ్గేసింది. బతుకమ్మలు అక్కడే పెట్టారట. నేను చూడలేదు, సారు చెప్పారు.

పండుగ అయ్యాక ఇంకోసారి మెత్తితే ఆ నీడ కూడా సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు.

మరుసటి దసరా

ఏడాదికి సారు మళ్లీ ఫోన్ చేశారు. 69,400 కిలోమీటర్లు. "ఈసారి కూడ నేనే చేస్త అన్నా. నువ్వు కుర్చేసుకుని కూర్చో. తప్పు చేస్తే చెప్పు." నాకు నచ్చింది. పొద్దున ఏడింటికి వెళ్లాను. ఎండ, గాలి రెండూ లేని వేళ.

ఆ రోజు మొత్తం పని గంటా పది నిమిషాలు. అందులో నట్టు ముట్టకముందు పోయింది ముప్పై ఐదు నిమిషాలు. ఆయిల్ ఎటు పోతుందో ముందే చూసి పెట్టుకోవడానికే ఆ సమయమంతా పోయింది. నల్లటి చేతులతో "గుడ్డేది, గరాటేది" అని ఇంట్లోకి పరిగెత్తే మనిషే తలుపు గొళ్లెం దాకా మరకలు చేస్తాడు.

జాకీ బదులు సారు ఈసారి ఒక్కో చక్రానికి రెండేసి సెంట్రింగ్ చెక్కలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి మేకులతో బిగించి మెట్లలా చేయించారు. ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. నాలుగంగుళాల ఎత్తే వచ్చింది. చేయి పెట్టడానికి చాలు, మనిషి పూర్తిగా దూరనక్కర్లేదు.

కింద ఏం పరచాలన్నది ఆయనే ఆలోచించారు. పాత ఎన్నికల ఫ్లెక్సీ. గట్టి సరుకు, ఆయిల్ దిగదు. కానీ ఫ్లెక్సీ ఆయిల్‌ను పీల్చదు కూడా, పడింది పడినట్టు అంచుకు పారుతుంది. అందుకని నాలుగు పక్కలా కింద చెక్క ముక్కలు పెట్టి అంచులు లేపాం, మడికి గట్టు పెట్టినట్టు. మధ్యలో ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి పరిచాం. దాని మీద గమేళా. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, ఐదు లీటర్లు పట్టేది. బండి కింది నుంచి నిండు గమేళాను బయటికి లాగగలమో లేదో ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి లాగి చూడమన్నాను. ఎత్తు చాలక గమేళా నిండా ఆయిల్‌తో బండి కింద ఇరుక్కుపోయిన వాళ్లను ఎరుగుదును.

ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపి, పది నిమిషాలు ఆగాం. పూర్తిగా చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సరిగ్గా దిగదు. మరీ వేడి ఆయిల్ తొంభై, వంద డిగ్రీలుంటుంది, చేయి కాలుతుంది. కాలినప్పుడు ఎవరైనా చేయి విదిలిస్తారు, నట్టు వదిలేస్తారు, గమేళాను తంతారు. గోరువెచ్చటి ఆయిల్ చేతికీ మంచిది, నేలకూ మంచిది.

చేతులకు రబ్బరు గ్లవుజులు. ఇది ఫ్యాషన్ కాదు. వాడిన ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగులుతుంటే చర్మ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. మా తరం మెకానిక్కులం ఒట్టి చేతులతోనే చేశాం. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు గ్లవుజులు లేకపోతే పానా ఇవ్వను.

నట్టుకు రింగు పానా వాడాలి. నోరు తెరిచిన పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. బిగువు వదిలాక పానా పక్కన పెట్టి వేళ్లతో తిప్పాలి. ఆఖరి రెండు చుట్లే అసలు ఘట్టం. తలుపు అవతల ఎవరో తోస్తుంటే మనం ఇటు నుంచి ఆపినట్టు, నట్టును లోపలికి నొక్కిపట్టి తిప్పుతూ ఉండాలి. మరలు పూర్తిగా వదిలాయని వేలికి తెలుస్తుంది, ఒక చిన్న టక్కు. అప్పుడు ఒక్కసారిగా పక్కకు లాగెయ్యాలి. కిందికి కాదు, పక్కకు. సారు మొదట కిందికి లాగబోయారు, "పక్కకు, పక్కకు" అని అరిచాను. మణికట్టు మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. నట్టు చేతిలోనే ఉంది.

ధార మొదట్లో అడుగు దూరం దూకుతుంది. ఆయిల్ తగ్గేకొద్దీ వెనక్కి వస్తూ, చివరికి నిటారుగా దారంలా కారుతుంది. గమేళాను ముందే రెండు చోట్లకూ సరిపోయేలా జరిపి పెట్టాలి. ధార చూస్తూ జరుపుదామనుకుంటే చేయి తడుస్తుంది. ఆఖర్లో ఆ దారం సన్నటి గాలికే వంగుతుంది. పొద్దున్నే చేయమన్నది అందుకే.

చుక్కలు ఆగేదాకా పావుగంట. పెద్దమ్మ చాయ్ తెచ్చింది, బండి కిందికి వంగి చూసింది, "ఈసారి మంచిగనే చేస్తున్నవ్ బిడ్డా" అని కొడుకుతో అంది. సారు కింద నుంచే నవ్వారు.

నట్టుకు కొత్త వాషర్ వేశాం. చిన్న రాగి చక్రం, పది రూపాయల వస్తువు. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సరిగ్గా కూర్చోదు. బిగింపు మాన్యువల్‌లో రాసినంతే, ఎంత బిగువో కొలిచే టార్క్ పానా నాదే ఇచ్చాను. అది లేనివాళ్లు బలమంతా చూపిస్తారు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ అల్యూమినియందైతే మరలు కోసుకుపోతాయి, అప్పుడు పోయేది చాంబర్ ఖరీదు.

ఫిల్టర్ దగ్గర సారు చేయి ఒక్క క్షణం ఆగింది. నేనేమీ అనలేదు. బట్టల దుకాణం మందపు కవర్‌ను ఫిల్టర్‌కు తొడిగి, పైనుంచే పట్టుకుని అర చుట్టు వదిలారు. వదిలి ఆగాం. లోపలి ఆయిల్ మెల్లగా కవర్లోకే దిగింది. ఈ బండిలో ఫిల్టర్ పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి ఎంత జాగ్రత్తపడ్డా కప్పెడు కారడం ఖాయం. కవర్ లేకపోతే అదంతా సైలెన్సర్ పైపు మీద. ఐదు నిమిషాల తర్వాత పూర్తిగా విప్పి, ఫిల్టర్‌తో సహా కవర్‌ను కిందికి తీశారు. ఫిల్టర్‌ను తిరగేసి నాకు చూపించారు. "రింగు ఒకటి." తర్వాత ఇంజన్ మీద వేలు చుట్టూ తిప్పి, గోరుతో గీరి, "ఇక్కడ సున్న" అన్నారు. లెక్కల సారు కదా. కొత్త రింగుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, చేత్తో బిగించి, రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు. పానా అక్కర్లేదు.

ఆయిల్ ఒకేసారి 3.1 పోయలేదు. 2.8 పోసి, స్టార్ట్ చేసి, ముప్పై సెకన్లు నేను కింద చూస్తూ కూర్చున్నాను. పొడి. ఆపి ఐదు నిమిషాలాగి గేజ్ చూసుకుంటూ మిగతాది చేర్చాం. మొత్తం మూడు లీటర్ల దగ్గరే పై గీత తాకింది. పాత ఆయిల్ కొంత ఎప్పుడూ లోపల మిగులుతుంది, అందుకే పుస్తకం సంఖ్య కన్నా గేజే నమ్మదగ్గది.

బావమరిది ఈసారీ వచ్చాడు. "మన ఎండలకు 5డబ్ల్యూ-30 పల్చగైతది, 20డబ్ల్యూ-50 పొయ్యాలె" అన్నాడు. ఈ మాట నేను వారానికి రెండుసార్లు వింటాను. మేలో ఇక్కడ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది, నిజమే. కానీ నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ బయట ఎండ ఎంతున్నా తొంభై డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడి దగ్గర ఎంత చిక్కగా ఉండాలన్నదే రెండో అంకె చెప్పేది. మొదటి అంకె చల్లటి ఇంజన్ స్టార్టయినప్పటిది. ఇంజన్ చేసినవాళ్లు రాసిన గ్రేడే పోయాలి. యాసిడ్ సీసా సంగతి గుర్తుచేశాను, మాట్లాడలేదు.

ఇక నా తప్పు. ఆ రోజు వాకిట్లో ఏమైనా చిందిందంటే అది నా చేతుల మీదుగానే. పని అయిపోయిందన్న ధీమాతో గమేళాలోని పాత ఆయిల్‌ను గరాటు పెట్టి ఖాళీ డబ్బాలోకి నేనే వంచాను. గమేళాకు ముక్కుండదు. గిన్నెతో చాయ్ పోస్తే గిన్నె వెంబడే కారినట్టు, ఆయిల్ అడుగు వెంబడి పాకి నా మోకాలి దగ్గర పడింది. మూడు చుక్కలు అట్ట దాటి ఫ్లెక్సీ మీద పడ్డాయి. ఫ్లెక్సీ ఇంకా తీయలేదు కాబట్టి బతికిపోయాను. సారు ఏమీ అనకుండా ప్లాస్టిక్ మగ్గు తెచ్చి ఇచ్చారు. మగ్గుతో ముంచి పోశాం. ఇప్పుడు షెడ్డులో కూడా అదే పద్ధతి.

గేజ్ రంధ్రం నుంచి పాత ఆయిల్ లాగే చేతిపంపులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నట్టు విప్పే పని ఉండదు, శుభ్రమే. గొట్టం చాంబర్ అడుగు దాకా దిగే బండ్లకు పనికొస్తాయి. ఫిల్టర్ మాత్రం ఎలాగూ విప్పాల్సిందే, ఈ కేసులో మొదటిసారి వాకిలి ముంచింది ఫిల్టరే.

పాత ఆయిల్ ఎక్కడికి

మొదటి ఏడాది సారును అడిగాను, టబ్బులోది ఏం చేద్దామనుకున్నారని. "మోరీల పోద్దమనుకున్న" అన్నారు. చాలామంది చేసేది అదే. వాడ మోరీ ఏదో ఒక చెరువుకే చేరుతుంది. ఒక్క కారు నుంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. మన కొలతలో దాదాపు 38 లక్షల లీటర్లు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన జిల్లా మనది, నీటి విలువ ఎవరో చెప్తే గానీ తెలియని వాళ్లం కాదు.

పక్కింట్లో ఇల్లు కడుతున్నారు. సెంట్రింగ్ రేకులకు పూయడానికి ఆ ఆయిల్ ఇవ్వమని మేస్త్రీ అడిగాడు. ఊళ్లలో చెదలకని గుంజలకూ పూస్తారు. నేను ఇవ్వనివ్వను. వానపడితే అది కడుక్కుని మట్టిలోకే పోతుంది. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, 2016 నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీల మీద కూడా వాడిన ఆయిల్ రీసైకిల్ చేయించే బాధ్యత పెట్టారు. ఇంట్లో మార్చుకునే మనిషి చేయాల్సింది చిన్న పని. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, డ్రమ్ము పెట్టుకున్న షెడ్డులో ఇవ్వాలి. అందులో బ్రేక్ ఆయిల్, కూలెంట్, పెట్రోల్ కలపకూడదు. కలిస్తే రీసైక్లింగ్‌కు పనికిరాకుండా పోతుంది. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా డబ్బా మీద బోర్లించి పెడితే అందులోంచి ఇంకో కప్పెడు దిగుతుంది.

సారు మర్నాడు డబ్బా, ఫిల్టర్ రెండూ స్కూటర్ మీద తెచ్చారు. డబ్బా మీద మార్కర్‌తో "పాతది, తాగకూడదు, దీపానికి వాడకూడదు" అని రాసి ఉంది. కొలిస్తే 2.7 లీటర్లు. ఏడాది కింద గేజ్ పై గీత దాకా ఉన్నది ఇప్పుడు ఇంత వచ్చిందంటే, ఫిల్టర్‌లో, గోడలకు అంటుకుని మిగిలింది పోను ఇంజన్ తాగింది చాలా తక్కువ. ఆ అంకెను కిలోమీటర్లతో సహా డైరీలో రాసుకోమన్నాను. వచ్చే ఏడాది 2.7 బదులు 2.2 వస్తే నాకు ఫోన్ చేయాలి.

రాత్రి బండి కింద కొత్త అట్టముక్క పరచమని కూడా చెప్పి వచ్చాను, లీకుంటే పొద్దునకు చెప్పేస్తుందని. దాని ఫొటో పంపారు. అట్ట మీద పిల్లి పాదాలు నాలుగు, అవీ మట్టివే.